కండబలము - రక్తపీడనము: కొలతలపై ఒక విమర్శ

కరీంనగరులోని అంబేద్కర్ స్టేడియములోను, ఆదిలాబాదులోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియములోను తెల్లవారకముందే పరుగులు తీయు యువకులు కనబడుదురు. వారిలో చాలామంది లక్ష్యము పోలీసు ఉద్యోగమో, సైన్యములో కొలువో అయి ఉండును. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022లో ప్రకటించిన నియమముల ప్రకారము కానిస్టేబులు కాదలచిన యువకుడు 1600 మీటర్ల దూరమును 7 నిమిషముల 15 సెకనులలో పరుగెత్తవలసి ఉండెను, 7.26 కిలోల ఇనుపగుండును 6 మీటర్లు విసరవలసి ఉండెను. ఇట్టి పరీక్షలు నెలల తరబడి సాధనను కోరును. సాధనకు ఓపిక కావలెను. ఓపిక చాలని చోట "మందు" అను మాట చెవిని పడును.

ఆ మందును గురించి రెండు అభిప్రాయములు ప్రచారములో ఉన్నవి. "స్టెరాయిడు ముట్టినవానికి బి.పి. పెరిగి గుండె ఆగిపోవును" అని పెద్దలు భయపెట్టుదురు. "నలుగురు వాడినారు, ఒక్కనికీ ఏమీ కాలేదు, అదీగాక ప్రోహార్మోను అనునది మందే కాదు, ఆహారము వంటిది" అని జిమ్ములలో ధైర్యము చెప్పుదురు. ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనను ఈ రెండు వాదములలోను ఒకే లోపమున్నది. రక్తపీడనమును ఎవరు, ఎప్పుడు, ఎట్లు కొలిచినారు అను ప్రశ్న రెండింటిలోను లేదు. శాస్త్రజ్ఞులు సైతము చాలాకాలము ఈ ప్రశ్నకు సరియైన సమాధానము ఇవ్వలేకపోయినారు. ఆ కథను విమర్శదృష్టితో పరిశీలించుట ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఉపయోగకరము.

మొదట మాటను సరిచేసికొనవలెను. "స్టెరాయిడు" అనునది ఒక మందు పేరు కాదు. నాలుగు కర్బన వలయములు ఒకదానితో నొకటి పెనవేసికొని ఏర్పడు అణునిర్మాణము గల పదార్థములన్నింటికి అది కుటుంబనామము. మన దేహములోని కొలెస్టరాల్ ఈ కుటుంబమునకు మూలపురుషుని వంటిది. దానినుండి అధివృక్క గ్రంథులు కార్టిసోలును, వృషణములు టెస్టోస్టెరోనును తయారుచేయును. పల్లెలలో ఉబ్బసమునకు, కీళ్ళనొప్పులకు వైద్యులు ఇచ్చు "స్టెరాయిడు" కార్టిసోలు జాతికి చెందినది. అది కండను పెంచదు, సరికదా ఎక్కువ కాలము వాడినచో కండను కరిగించును. జిమ్ములలో పేరు వినవచ్చు నాండ్రోలోన్, స్టానోజోలాల్, మెథాన్డయనోన్ అనునవి టెస్టోస్టెరోను జాతివి. వీటిని అనబాలిక్ స్టెరాయిడులు, అనగా కండను నిర్మించు స్టెరాయిడులు అందురు. రెండు జాతులును రక్తపీడనమును పెంచగలవు. కాని త్రోవలు వేరు. వార్తలలో రెండింటిని కలిపి ఒకే మాటతో వ్రాయుటచే, ఉబ్బసపు రోగి తనకు ప్రాణాధారమైన మందును చూచి భయపడుచున్నాడు. యువకుడు "మా తాతకు డాక్టరే ఇచ్చినాడు" అని ధైర్యపడుచున్నాడు.

టెస్టోస్టెరోనును ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేయుట 1935లో సాధ్యమయినది. ఆ కృషికి సంబంధించి బుటెనాన్డ్, రుజిచ్కా అను శాస్త్రజ్ఞులకు 1939లో నోబెల్ బహుమానము ప్రకటింపబడినది. 1958లో మెథాన్డయనోన్ అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. బరువులెత్తువారిలో అది త్వరగా వ్యాపించినది. ఒలింపిక్ క్రీడలలో ఈ మందులకై పరీక్షలు మొదలైనది 1976లో, మాంట్రియల్ నగరమున.

ఈ మధ్యకాలములో వైద్యలోకము ఒక పెద్ద పొరపాటు చేసినది. 1977లో అమెరికా క్రీడావైద్య కళాశాల ఈ మందులవలన బలము పెరుగునని చెప్పుటకు నిశ్చితమైన ఆధారము లేదని ప్రకటించినది. క్రీడాకారులు అద్దములో చూచుకొని నవ్వుకొన్నారు. ఏలయన తమ కండలు పెరుగుచున్న సంగతి వారికి ప్రత్యక్షము. 1980 దశకములో ఆ సంస్థయే తన మాటను సవరించుకొనవలసి వచ్చినది. 1996లో భాసిన్ అను వైద్యుడు, ఆయన సహచరులు 43 మంది పురుషులపై జరిపిన ప్రయోగములో, వారమునకు 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరోను 10 వారములు ఇచ్చినచో కండయు, బలమును పెరుగునని సందేహమునకు తావులేకుండ తేలినది. అప్పటికే నష్టము జరిగిపోయినది. బలము విషయములో తప్పు చెప్పిన వైద్యులు ఆరోగ్యము విషయములో నిజము చెప్పినను నమ్మువారు తగ్గిరి. తరగతిగదిలో అతిశయోక్తి చేయు ఉపాధ్యాయునికి కూడ ఇదే గతి పట్టును. కనుక "ఈ మందులు కండను పెంచవు" అని విద్యార్థులకు చెప్పరాదు. పెంచును. ఆ పెంపునకు దేహము చెల్లించు వెల యెంత అనునదే ప్రశ్న.

ఆ వెలలో ఒకటి రక్తపీడనము. ఇక్కడనే కొలత చిక్కులు మొదలగును. ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో చేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసపు గొట్టముతో పీడనమును కొలుచు పద్ధతిని కనుగొన్నాడు. ఆయన పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే. అంత సన్నని పట్టీ ఉన్న పీడనము కన్న ఎక్కువ చూపునని గ్రహించి, 1901లో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ వెడల్పును రెట్టింపునకు పైగా పెంచినాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ చెవితో శబ్దము విని రెండు అంకెలను గుర్తించు విధమును తెలిపినాడు. నేటికిని వైద్యులు చెప్పు "120/80" ఆ రెండు అంకెలే. గుండె ముడుచుకొనినపుడు ధమనిలో ఉండు ఒత్తిడి పై అంకె. గుండె సడలినపుడు ఉండునది క్రింది అంకె.

సన్నని పట్టీతో ధమనిని మూయుటకు ఎక్కువ పీడనము కావలెను. వెడల్పైన పట్టీతో తక్కువ పీడనము చాలును. అదేవిధముగా లావైన చేతికి చిన్నపట్టీ చుట్టినచో ధమనిని మూయుటకు ఎక్కువ గాలి కావలసివచ్చి, యంత్రము అబద్ధము చెప్పును. సాధారణ పట్టీ సుమారు 27 నుండి 34 సెంటీమీటర్ల చుట్టుకొలత గల చేతులకే తగినది. కండలు పెంచినవాని చేయి 40 సెంటీమీటర్లు దాటుట వింత కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు 195 మందిపై జరిపి 2023లో ప్రకటించిన ప్రయోగము ఈ తప్పు ఎంతటిదో చూపినది. పెద్దపట్టీ అవసరమైనవారికి సాధారణ పట్టీ వాడగా పై అంకె సగటున సుమారు 5 మిల్లీమీటర్లు ఎక్కువ చూపినది. అంతకన్న పెద్దపట్టీ అవసరమైనవారిలో ఆ తప్పు 19 మిల్లీమీటర్లు దాటినది. ఈ అంకెలను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

మరొక చిక్కు వేళకు సంబంధించినది. బరువులెత్తునపుడు ఊపిరి బిగబట్టుటచే రక్తపీడనము క్షణకాలము విపరీతముగా పెరుగును. 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందము కండలు పెంచు యువకుల ధమనిలోనే గొట్టము అమర్చి కొలువగా, రెండుకాళ్ళతో బరువు త్రోయునపుడు పీడనము సగటున 320/250 వరకు ఎగబ్రాకినది. ఇది మందుతో నిమిత్తము లేని పెరుగుదల. బరువు దించగానే తగ్గిపోవును. కసరత్తు ముగిసిన వెంటనే కొలిచినవాని అంకెకు, అయిదు నిమిషములు కూర్చొని కొలిచినవాని అంకెకు పోలిక లేదు.

స్టెరాయిడు వాడువారిని, వాడనివారిని ప్రక్కప్రక్కన నిలిపి ఒక్కొక్కసారి కొలిచి తేల్చిన పరిశోధనలను ఈ దృష్టితో చూడవలెను. కొన్నింటిలో పీడనము హెచ్చుగా కనబడినది. కొన్నింటిలో భేదమే లేదని తేలినది. అందులో ఆశ్చర్యము లేదు. వాడువారి చేతులు లావు. వారు వాడు మందులు నాలుగైదు రకములు. మోతాదులు వారు చెప్పినవే. పది ఇరవై మందితో జరిపిన పరిశోధనలో నిజమైన భేదము కప్పబడిపోవచ్చును, లేని భేదము పుట్టుకొని రావచ్చును. పెద్దలు మొదటి రకపు ఫలితములను, జిమ్మువారు రెండవ రకపు ఫలితములను ఏరుకొనుట సులభమయినది.

సరియైన త్రోవ ఏది? ఒకే మనిషిని మందుకు ముందు, మందు వాడునపుడు, మానిన తరువాత కొలుచుట. నెదర్లాండ్సు దేశములో హార్లెం పేరుతో 2015లో మొదలైన అధ్యయనము ఇట్టిదే. స్వయముగా స్టెరాయిడులు వాడుటకు నిశ్చయించుకొన్న 100 మంది పురుషులను వైద్యులు పరీక్షించుచు వచ్చిరి. మందు ఇచ్చినది వైద్యులు కాదు. కొలిచినది మాత్రమే వారు. 2022లో వెలువడిన ఫలితముల ప్రకారము, మందు వాడిన కాలమున పై అంకె సగటున సుమారు 7, క్రింది అంకె సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగినవి. మానిన తరువాత అవి తిరిగి మొదటి స్థితికి చేరినవి.

ఈ అధ్యయనము కూడ విమర్శకు అతీతము కాదు. పోల్చి చూచుటకు మందు వాడని జట్టు లేదు. మందులు దొంగచాటు అంగడివి గనుక సీసాపై వ్రాసినదే లోపల ఉన్నదని చెప్పలేము. మందుతోపాటు చేయి లావెక్కుటవలన కూడ అంకె కొంత పెరిగి ఉండవచ్చును. అయినను వేరు త్రోవలలో వచ్చిన సాక్ష్యములు దీనిని బలపరచుచున్నవి. డెన్మార్కులో 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో, పగలు రాత్రి దేహమునకే అమర్చి ఉంచు యంత్రముతో కొలిచిరి. అందులో కూడ, వాడుచున్నవారి పీడనము మానినవారికన్న, ఎన్నడును వాడనివారికన్న హెచ్చుగా ఉన్నది. ఇక మూడవ సాక్ష్యము రోగులనుండి వచ్చినది. టెస్టోస్టెరోను కొరత గల పురుషులకు నోటిద్వారా ఇచ్చు ఒక మందు పై అంకెను సగటున 5 మిల్లీమీటర్ల మేర పెంచుచున్నదని తేలగా, 2019లో అమెరికా ఔషధ సంస్థ దానిపై కఠినమైన హెచ్చరిక ముద్రింపజేసినది. 2025లో టెస్టోస్టెరోను మందులన్నింటిపైనను రక్తపీడనపు హెచ్చరిక ఉండవలెనని ఆదేశించినది. ఈ రోగులు కండలు పెంచువారు కారు. వారి మోతాదు జిమ్ములలో వాడు మోతాదులో చిన్నభాగము మాత్రమే. అంత తక్కువ మోతాదుకే పీడనము కదలినది.

న్యాయముగా మరొక మాట కూడ చెప్పవలెను. 2023లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగములో 5 వేలకు పైగా రోగులకు వైద్యుల పర్యవేక్షణలో టెస్టోస్టెరోను గాని, ఉత్తుత్తి మందు గాని ఇవ్వగా, గుండెపోటు, పక్షవాతము వంటి ముప్పులు రెండు జట్లలోను దాదాపు సమానముగనే ఉన్నవి. కొరత గలవానికి కొరత తీర్చుట వేరు. చాలినంత ఉన్నవానికి పది రెట్లు పోయుట వేరు. మొదటిదాని ఫలితమును రెండవదానికి అభయముగా చూపుట తర్కదోషము.

పీడనము ఎట్లు పెరుగును? త్రోవలు పలు విధములు. మొదటిది ఉప్పు. ఈ మందులలో కొన్ని అధివృక్క గ్రంథులలో హార్మోనులు తయారగు వరుసకు మధ్యలో అడ్డుతగులును. అందుచే ఉప్పును పట్టి ఉంచు గుణము గల పదార్థము పేరుకొనును. మూత్రపిండములు సోడియమును విడువక నిలుపుకొనును, దానివెంట నీరు నిలుచును, రక్తనాళములు నిండును. దీనికి పోలిక మన ఇంటనే ఉన్నది. దగ్గుకు చప్పరించు అతిమధురము వేరును దీర్ఘకాలము అతిగా తిన్నవారికి రక్తపీడనము పెరిగి పొటాషియము తగ్గిపోవును. కార్టిసోలును మూత్రపిండములో అణచియుంచు ఒక ఎంజైమును అతిమధురము నిర్వీర్యము చేయుటే అందుకు కారణము. అడ్డుపడు చోటు వేరైనను ఫలితము ఒక్కటే: ఉప్పు నిలుచుట.

రెండవది రక్తపు చిక్కదనము. టెస్టోస్టెరోను ఎముకల మజ్జను ప్రేరేపించి ఎర్రకణములను పెంచును. చిక్కబడిన రక్తమును త్రోయుటకు గుండెకు శ్రమ ఎక్కువ. మూడవది నరములు. 2010లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు స్టెరాయిడు వాడువారిలో రక్తనాళములను బిగించు నరముల చురుకుదనము హెచ్చుగా ఉన్నదని కొలిచి చూపిరి. నాలుగవది నాళముల గోడలు. అవి సహజముగా సడలు శక్తి తగ్గి బిరుసెక్కును. వీటికి తోడు హెచ్.డి.ఎల్. అను మేలైన కొలెస్టరాల్ పడిపోవును. అది పీడనమును పెంచకున్నను అదే ధమనులను మరొకవైపునుండి చెరచును. ఈ ఒత్తిడిమీద ఏండ్ల తరబడి పనిచేసిన గుండె గోడలు దళసరి అగును. 2017లో అమెరికాలో 140 మంది బరువులెత్తువారిని పరీక్షించగా, దీర్ఘకాలము స్టెరాయిడులు వాడిన 86 మందిలో గుండె ఒక్కొక్క దెబ్బకు వెలికి త్రోయు రక్తపు వంతు సగటున 52 శాతము. వాడని 54 మందిలో 63 శాతము. ఇక్కడ పట్టీ దోషమేమియు లేదు; గుండెను ధ్వనితరంగములతో నేరుగా చూచిరి.

ఇక ప్రోహార్మోనులు. దేహములో చేరిన పిదప ఎంజైములవలన హార్మోనుగా మారు ముడిపదార్థము ప్రోహార్మోను. ఆండ్రోస్టీన్‌డయోన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1998లో ఒక అమెరికా బేస్‌బాల్ క్రీడాకారుడు దానిని వాడుచున్నట్లు తెలిసినపుడు, అక్కడ అది అంగడిలో ఆహారపదార్థముగా దొరకుచుండెను. మరుసటి సంవత్సరము 20 మంది యువకులపై 8 వారములపాటు జరిపిన పరిశోధనలో, దినమునకు 300 మిల్లీగ్రాముల చొప్పున దానిని తీసికొన్నవారికి బలము అదనముగా పెరుగలేదు. స్త్రీ హార్మోనులు పెరిగినవి, మేలైన కొలెస్టరాల్ తగ్గినది. 2004లో అమెరికా చట్టము దానిని నియంత్రిత ఔషధముల పట్టికలో చేర్చినది. 2014లో మరొక ప్రోహార్మోనుపై ప్రకటింపబడిన ప్రయోగములో కండ నిజముగనే పెరిగినది. కాని నాలుగే వారములలో మేలైన కొలెస్టరాల్ మూడవవంతునకు మించి పడిపోయినది. కాబట్టి పనిచేయని ప్రోహార్మోను దండుగ, పనిచేయునది స్టెరాయిడే. "ఆహారము" అను పేరు చట్టములోని సందువలన వచ్చినదేగాని రసాయన గుణమువలన కాదు.

పేరు లేకుండ చొరబడు ప్రోహార్మోనులు మరింత ప్రమాదకరము. జర్మనీలోని కొలోన్ ప్రయోగశాలవారు 13 దేశములలో కొన్న 634 పోషకపు పొడులను, మాత్రలను పరీక్షించి 2004లో ఫలితమును ప్రకటించిరి. హార్మోను ఉన్నదని ఎక్కడను వ్రాయని ఆ సరకులలో 94 డబ్బాలలో, అనగా దాదాపు 15 శాతములో, అనబాలిక్ స్టెరాయిడుల జాడ కనబడినది. "నేను ప్రొటీను పొడి మాత్రమే వాడుచున్నాను" అను యువకుని మాట నిజాయితీ గలదే కావచ్చును. డబ్బా నిజాయితీ గలది కాకపోవచ్చును.

తెలంగాణలో మరొక గందరగోళము చేరినది. 2020 తరువాతి సంవత్సరములలో హైదరాబాదులో రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు జిమ్ములకు దొంగచాటుగా చేరవేయు సూదిమందులను పట్టుకొన్న వార్తలు పలుమార్లు వచ్చినవి. వాటిలో తరచుగా వినవచ్చిన పేరు మెఫెన్‌టెర్మిన్. ఇది స్టెరాయిడే కాదు. వెన్నుపూసలో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయునపుడు రోగి రక్తపీడనము పడిపోయినచో దానిని పైకెత్తుటకు వైద్యులు వాడు మందు ఇది. దీని పనియే రక్తపీడనమును పెంచుట. అలసట తెలియకుండ ఎక్కువసేపు బరువులెత్తవచ్చునని దీనిని వాడువాడు, కసరత్తుతో సహజముగనే ఎగబ్రాకు పీడనమునకు మరొక నిచ్చెన వేయుచున్నాడు. రాజధాని అంగడిలోని సరకు జగిత్యాలకో, మంచిర్యాలకో రాదని హామీ లేదు. అది చేరినపుడు కూడ "స్టెరాయిడు" అను పేరుతోనే చేరవచ్చును.

7 మిల్లీమీటర్లు గొప్ప సంగతియా అని విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. 118 అంకె గల ఇరువదేండ్లవానికి అది 125 అయినంతమాత్రమున రేపే ఆపద రాదు. పెద్దల బెదిరింపు ఇక్కడ తప్పినది. కాని అది సగటు. సగటులో ఏమీ పెరుగనివాడును, ఇరువది పెరిగినవాడును కలిసియే ఉందురు. తాను ఏ కోవకు చెందునో ముందుగా ఎవరికిని తెలియదు. 2002లో సుమారు పది లక్షలమంది వివరములను సమీకరించిన అధ్యయనము, 40 నుండి 69 ఏండ్ల వారిలో పై అంకెలో 20 మిల్లీమీటర్ల భేదమునకు పక్షవాతపు మరణములు రెట్టింపునకు పైగా ఉండునని చూపినది. ఇంటిలో తల్లికో తండ్రికో బి.పి. ఉండి, తన అంకె ఇప్పటికే 138 ఉన్నదని తెలియని యువకుడు 140 గీతను దాటుటకు ఆ 7 చాలును. దాటినట్లు అతనికి నొప్పి తెలియదు, దడ తెలియదు. "ఏమీ కాలేదు" అను జిమ్ము వాదము ఇక్కడ తప్పినది. రక్తపీడనము అనుభూతికి అందునది కాదు, కొలతకు మాత్రమే అందునది.

కొలుచుటకు నేడు దూరము పోనక్కరలేదు. రక్తపీడన నియంత్రణకై 2017లో మొదలైన జాతీయ కార్యక్రమమునకు తొలుత ఎన్నుకొన్న అయిదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో రక్తపీడనము చూపించుకొనవచ్చును. ఉపాధ్యాయుడు తన తరగతిలోనే ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. అయిదు నిమిషములు కదలక కూర్చున్న పిదప ఒకసారి, ఇరువది గుంజీలు తీసిన వెంటనే మరొకసారి కొలిపించి అంకెలను పలకపై వ్రాయవలెను. టేపుతో ప్రతి విద్యార్థి చేతి చుట్టుకొలతను తీసి, ఆ పట్టీ ఎవరికి సరిపోవునో ఎవరికి సరిపోదో తేల్చవలెను. ఒకే మనిషికి రెండు అంకెలు ఎందుకు వచ్చినవో వివరింపగలిగిన విద్యార్థి, "నలుగురు వాడినారు" అను సాక్ష్యమును ఇక తేలికగా నమ్మడు. అటుపిమ్మట అతడు స్టేడియమునకు పోయి పరుగెత్తవచ్చును. ఆ 7 నిమిషముల 15 సెకనులను సాధనతోనే అందుకొనవచ్చును.